వాటాలు తేలికే, చిక్కంతా అంతకు ముందే

ఇస్లామిక్ వారసత్వం అనగానే చాలామందికి గుర్తొచ్చే లెక్క ఒక్కటే: కొడుక్కి రెండు, కూతురికి ఒకటి. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఒక ముస్లిం ఇంటిపెద్ద కన్నుమూశాక వచ్చే గొడవల్లో ఈ లెక్క మీద పడేవి చాలా తక్కువ. దుకాణం నాన్నదా, ఇరవై ఏళ్లుగా అందులో కూర్చున్న పెద్దకొడుకుదా? ఇల్లు అమ్మకిచ్చేశానని ఆయన నలుగురిలో అన్న మాట చెల్లుతుందా? చెల్లి పెళ్లికి పెట్టిన బంగారం ఆమె వాటాలో కోసుకోవచ్చా? గొడవలన్నీ ఇలాంటి వాటి మీదే. ఏ వస్తువు ఏ క్షణాన ఎవరిది అయిందన్నది తేలితే మిగిలింది కూడికలు, తీసివేతలే. అది తేలకుండా ముఫ్తీ, అంటే మత తీర్పు చెప్పే పండితుడి, దగ్గరికెళ్లి ‘మా వాటాలు చెప్పండి’ అంటే ఆయన వాటాలే చెబుతాడు. ఇంటికొచ్చాక గొడవ యథాతథం.

ఈ రెండు జిల్లాల్లో ఆ చిక్కు మరికాస్త ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ముస్లింలు ఒక శాతం కూడా లేరు. చరిత్ర చూస్తే చిన్నదేం కాదు. శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ సర్కారు అనే పాలనా ప్రాంతానికి కేంద్రం, గోల్కొండ అధికారులైన ఫౌజుదార్లు కూర్చున్న ఊరు. విజయనగరం బాబామెట్ట దర్గాకు అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. అయినా వారసత్వ శాస్త్రం, అంటే ఫరాయిజ్, చదువుకున్న మౌల్వీ ప్రతి మసీదులో ఉండడు. ఊళ్లోని వకీలుకు రోజూ చేతిలో ఆడేది హిందూ వారసత్వ చట్టం. దాంతో చాలా ఇళ్లలో పంపకం పక్కింటివాళ్లు చేసుకున్న పద్ధతిలోనే జరిగిపోతుంది. తప్పు చేస్తున్నామన్న అనుమానం కూడా ఎవరికీ రాదు.

చట్టం సంగతి ముందు చెప్పుకోవాలి. 1937 షరియత్ చట్టం ముస్లింల వారసత్వానికి షరియత్‌నే వర్తింపజేసింది కానీ వ్యవసాయ భూమిని పక్కన పెట్టింది. దేశంలో కొన్ని రాష్ట్రాల్లో ఆ మినహాయింపు మీద ఇప్పటికీ వాదనలు నడుస్తుంటాయి. ఇక్కడ ఆ బాధ లేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. 1949లో మద్రాసు శాసనసభ ఆ చట్టాన్ని సవరించి వ్యవసాయ భూమినీ అందులోకి తెచ్చింది. కాబట్టి పట్నంలో మేడకైనా, నాగావళి పక్కన రెండెకరాల వరిచేనుకైనా లెక్క ఒక్కటే. ‘పొలంలో ఆడపిల్లలకు ఉండదు’ అన్న మాటకు ఇక్కడ షరియత్‌లోనూ ఆధారం లేదు, చట్టంలోనూ లేదు.

వాటాల దాకా వెళ్లేముందు మూడు మెట్లున్నాయి. ఖననం ఖర్చు, అప్పులు, వీలునామా, ఆ తర్వాతే వారసులు. వరస మారకూడదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయనగరం గంటస్తంభం దగ్గర చెప్పుల దుకాణం ఉన్న ఒకాయన చనిపోయాడు. భార్య, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఇల్లు, సరుకు, బ్యాంకులో ఉన్నది అంతా కలిపితే 26 లక్షలు. ఖననానికి 20 వేలు అయింది. హోల్‌సేల్ వ్యాపారికి బాకీ లక్షా 30 వేలు. పెళ్లినాడు ఒప్పుకుని ఇవ్వని మెహర్ 50 వేలు. మెహర్ దగ్గరే చాలామంది తడబడతారు. అది భార్యకు చెల్లించాల్సిన అప్పు. వాటా కింద ఆమెకెలాగూ వస్తుంది కదా అని దాన్ని మింగేయడానికి లేదు. ముందు మెహర్, తర్వాత వాటా. మెహర్ కోసం భర్త ఆస్తిని తన స్వాధీనంలో ఉంచుకునే హక్కును కోర్టులు కూడా విధవకు గుర్తించాయి.

ఇక మిగిలింది 24 లక్షలు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. తల్లికి ఆరో వంతు, 4 లక్షలు. మిగతా 17 లక్షలు పిల్లలవి: కొడుకులకు 6 లక్షల 80 వేల చొప్పున, కూతురికి 3 లక్షల 40 వేలు. కూతురికంటే, భార్యకంటే ముసలితల్లికి ఎక్కువ రావడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. తండ్రి కూడా బతికుంటే ఆయనకూ మరో ఆరో వంతు ఉండేది. హిందూ వారసత్వ చట్టంలో తల్లి మొదటి వరస వారసురాలు, తండ్రి కాదు. ఆ అలవాటుతో తండ్రిని లెక్కలో వదిలేసిన ముస్లిం కుటుంబాలున్నాయి.

ఖననం ఖర్చు అంటే కఫన్ బట్ట, గొయ్యి, దానికి సంబంధించినవే. మూడోనాటి జియారత్, నలభైనాటి చెహలుం భోజనాలు అందులోకి రావు. వారసుల్లో మైనరు ఉంటే ఉమ్మడి సొమ్ములోంచి వందమందికి బిర్యానీ పెట్టడం కుదరదు. మైనరు ‘సరే’ అన్నా ఆ సరేకు విలువ లేదు. పెట్టాలనుకున్న పెద్దవాళ్లు తమ వాటాలోంచి పెట్టుకోవాలి. బంధువుల ముందు పరువు అనే మాట ఈ నియమాన్ని ఎక్కువగా తొక్కేస్తుంటుంది.

ఇప్పుడు పై ఉదాహరణలో పంపకం వాయిదా పడిందనుకుందాం. ‘ఇంకా ఏడాది కాలేదు, అమ్మ ఉండగా ఇల్లు ముక్కలు చేస్తామా’ అన్నారు. మూడేళ్లకు ఆ ముసలితల్లి పోయింది. ఆమె 4 లక్షల వాటా ఇప్పుడు ఎవరిది? మనవలది అని అందరూ అనుకుంటారు. కాదు. ఆమెకు మరో కొడుకూ ఒక కూతురూ బతికుంటే ఆ 4 లక్షలు ఆ ఇద్దరికీ రెండు, ఒకటి నిష్పత్తిలో పోతాయి. కొడుకు బతికుండగా, ముందే పోయిన కొడుకు పిల్లలకు నానమ్మ ఆస్తిలో వాటా లేదు. చెప్పుల దుకాణం ఆయన పిల్లలు ఉంటున్న ఇంట్లోకి బాబాయి, మేనత్త హక్కుదారులుగా వచ్చి చేరారు. వాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, రేపు వాళ్ల పిల్లలు ఎలా ఉంటారో ఎవరికి తెలుసు? ఒక తరం పంపకం ఆపితే రెండో తరానికి ఇద్దరు, మూడో తరానికి పదిమంది. తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఈ చిక్కును విప్పదు. అది కుటుంబ సభ్యులెవరో చెబుతుంది, వాటాలు చెప్పదు.

తండ్రి లేని మనవల సంగతి కాస్త ఆగి చూడాలి. సున్నీల న్యాయ శాఖల్లో ఒకటైన హనఫీ పద్ధతిలో దగ్గరివాళ్లు దూరపువాళ్లను ఆపేస్తారు. తాత ఉండగానే తండ్రి పోతే, బాబాయి ఉన్నాడు కాబట్టి పిల్లలకు తాత ఆస్తిలో ఏమీ రాదు. దీన్ని అన్యాయంగా భావించి ఈజిప్టు 1946లో తప్పనిసరి వసీయత్ (వీలునామా) ద్వారా, పాకిస్తాన్ 1961 ఆర్డినెన్సు ద్వారా మార్పులు చేశాయి. భారత్‌లో అలాంటిది లేదు. కానీ దారి మూసుకుపోలేదు. మనవడు వారసుడు కాదు కాబట్టే తాత అతని పేరున మూడో వంతు దాకా వీలునామా రాయొచ్చు. నిజానికి వీలునామా ఉన్నదే ఇలాంటివాళ్ల కోసం. పెంచుకున్న బిడ్డకూ అంతే: దత్తత వల్ల వారసత్వం రాదు, మూడో వంతు వసీయత్తో బతికుండగా చేసిన దానమో (హిబా) ఆదుకోవాలి. వారసుల పేరున రాసిన వీలునామా మాత్రం చెల్లదు, మరణం తర్వాత మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప. ‘పెద్దాడికి ఇల్లు, చిన్నాడికి పొలం’ అని స్టాంపు కాగితం మీద రాయించి బీరువాలో పెట్టుకున్న పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

పక్కింటి పద్ధతి వచ్చి చేరిన ఇంకో చోటు ‘పిత్రార్జితం’. ముస్లిం న్యాయంలో పుట్టుకతో వచ్చే హక్కు లేదు. తాతనుంచి వచ్చిందైనా, తానే సంపాదించిందైనా తండ్రి బతికున్నంతకాలం అది ఆయన ఒక్కడిదే. అమ్ముకోవచ్చు, దానం చేయొచ్చు. తండ్రి పొలం అమ్మితే ‘మా సంతకం లేదు’ అని కొడుకు అడ్డుపడటం ఇక్కడ కుదరదు. అదే కారణం వల్ల తండ్రి బతికుండగా కూతురి చేత ‘నాకు వాటా వద్దు’ అని రాయించుకున్న కాగితానికీ బలం లేదు. ఇంకా పుట్టని హక్కును వదులుకోవడం సాధ్యం కాదు. అయితే ఆ మాట మీద ఆమె ప్రతిఫలం తీసుకుని, మిగతావాళ్లు దాన్ని నమ్మి నడుచుకుంటే తర్వాత అడ్డం తిరగడం కుదరదని సుప్రీంకోర్టు 1973లో గులాం అబ్బాస్ కేసులో చెప్పింది.

కొడుకు చేతి సంపాదన లెక్క మరీ తికమక. తండ్రి దుకాణంలో, తండ్రి ఇంట్లో తింటూ పనిచేసిన కొడుకు ఆయనకు సాయం చేసినవాడే అని హనఫీ పండితుల మాట. జీతమో భాగస్వామ్యమో ముందే మాట్లాడుకుంటే తప్ప ఆ వ్యాపారం తండ్రిదే అవుతుంది. గల్ఫ్‌నుంచి డబ్బు పంపి తండ్రి స్థలంలో మేడ కట్టించిన కొడుకు పరిస్థితి వేరు. స్థలం తండ్రిది. డబ్బు అప్పుగా పంపాడా, కానుకగా పంపాడా, పొత్తుగా పంపాడా? పంపేటప్పుడు ఆ మాట అనరు. తండ్రీకొడుకుల మధ్య లెక్కలేంటి అనుకుంటారు. తండ్రి పోయిన వారానికి ఆ లెక్కే మొదలవుతుంది. ఫోన్లో పంపిన ఒక్క మెసేజ్, ‘నాన్నా, ఇది ఇంటి కోసం అప్పుగా’ అన్నది, అప్పుడు లక్షల విలువ చేస్తుంది.

ఆడపిల్లలే ఉన్న తల్లిదండ్రులకు ఉండే టెన్షన్ ఇంకో రకం. భార్య, ఇద్దరు కూతుళ్లు, ఒక తమ్ముడు ఉన్న వ్యక్తి ఆస్తిని 24 భాగాలు చేస్తే కూతుళ్లిద్దరికీ కలిపి 16, భార్యకు 3, మిగిలిన 5 తమ్ముడికి. తమ్ముడితో ఏళ్లుగా మాటల్లేకపోయినా అంతే. కేరళలో కాసరగోడ్ జిల్లాకు చెందిన న్యాయవాది షుక్కూర్, ఆయన భార్య షీనా తమ ముగ్గురు కూతుళ్లకే ఆస్తి దక్కాలని 2023 మార్చి 8న ప్రత్యేక వివాహ చట్టం కింద మళ్లీ పెళ్లి రిజిస్టరు చేసుకున్నారు. ఆ చట్టం కింద పెళ్లయితే వారసత్వానికి 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. అంతదూరం వెళ్లడం ఇష్టంలేనివాళ్లకు షరియత్‌లోనే ఉన్న మార్గం హిబా, అంటే బతికుండగా దానం.

హిబాకు మూడు కావాలి: ఇస్తున్నానన్న ప్రకటన, తీసుకున్నానన్న అంగీకారం, స్వాధీనం అప్పగించడం. కాగితం తప్పనిసరి కాదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు 2011లో ఈ విషయం తేల్చింది. మూడూ ఉంటే రిజిస్ట్రేషన్ లేని రాతపత్రం కూడా చెల్లుతుందని చెప్పింది. జనం పడిపోయేది మూడో దాని దగ్గర. కూతురి పేరున దానం రాసి, తాళాలు తన దగ్గరే పెట్టుకుని, అద్దెలు తానే తీసుకుంటూ, పన్ను తన పేరునే కడుతూ పోయిన తండ్రి హిబా చేసినట్టు కాదు, చేయాలనుకున్నట్టు మాత్రమే. రిజిస్ట్రేషన్ ఒక్కటి చేయించి స్వాధీనం ఇవ్వకపోయినా అదే గతి. మైనరు పిల్లలకు తండ్రే సంరక్షకుడు కాబట్టి వాళ్ల విషయంలో ఈ అప్పగింత అక్కర్లేదు. చావుమంచం మీద చేసిన దానం సంగతి వేరు, దాన్ని వీలునామాలాగే చూస్తారు, మూడో వంతు దాటదు. షరియత్ ప్రకారం రిజిస్ట్రేషన్ అక్కర్లేకపోయినా చేయించుకోవడమే మంచిది. పాసుపుస్తకం మార్చాలన్నా, బ్యాంకు లోను తీసుకోవాలన్నా నోటిమాటతో పని జరగదు.

నామినీ గురించి ఒక్క మాట. బ్యాంకు ఖాతాలో నామినీ పేరు ఉన్నవాడు డబ్బు అందుకునేవాడే తప్ప యజమాని కాదు. పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివి చనిపోయినాయన సంపాదించుకున్నవి కాబట్టి అందరికీ పంచాలి. ప్రభుత్వం విధవకిచ్చే కుటుంబ పింఛను మాత్రం పంపకంలోకి రాదు, అది ఆమెకిచ్చిందే.

ఏది ఎవరిదన్న చిక్కు వారసత్వం బయట కూడా ఉంది. ఈ ప్రాంతంలో వడ్డీ బదులు పంట తినే అలవాటు అలాంటిదే. రెండు లక్షలిచ్చి ఎకరం పొలం స్వాధీన తనఖా పెట్టుకుంటారు. బాకీ తీరేదాకా పంట అప్పిచ్చినవాడిది. చేతికి వడ్డీ రాలేదు కాబట్టి ఇది హలాల్ అనుకునేవాళ్లు చాలామంది. తనఖా వస్తువు అసలు యజమానిదే కాబట్టి దాని పంటా అతనిదే అన్నది ఫిఖ్, అంటే ఇస్లామిక్ న్యాయశాస్త్రం, చెప్పే సూత్రం. అప్పు మీద షరతుగా వచ్చే లాభం ఏ రూపంలో ఉన్నా వడ్డీయే. పెద్ద మొత్తం ఇచ్చి అద్దె లేకుండా ఇంట్లో ఉండే పద్ధతికీ ఇదే వర్తిస్తుంది. తర్వాతి కాలపు హనఫీ పండితులు కొందరు తిరిగి కొనుక్కునే షరతుతో అమ్మే ఒప్పందానికి ఒప్పుకున్నారు, మరికొందరు అదీ వడ్డీకి వేసిన ముసుగే అన్నారు. రెండో మాటే బలంగా కనిపిస్తుంది. ఆ ఎకరానికి న్యాయమైన కౌలు కట్టి దాన్ని బాకీలోంచి కోసుకుంటూ పోతే ఏ పండితుడి సాయమూ అక్కర్లేదు.

ఆస్తి విషయంలో లాగే నమాజు, ఉపవాసాల దగ్గర కూడా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనేవే తీర్పును నడిపిస్తాయి. హైదరాబాదు రంజాను టైమ్‌టేబుల్ ఫోన్లో పెట్టుకున్న శ్రీకాకుళం మనిషి దీనికి మంచి ఉదాహరణ. శ్రీకాకుళం హైదరాబాదుకు దాదాపు ఐదున్నర డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన ఇక్కడ తెల్లవారడం, పొద్దుకూకడం 20 నిమిషాలకు పైగా ముందు జరుగుతాయి. ఇఫ్తార్ ఆలస్యమైతే ఉపవాసానికి నష్టం లేదు. తెల్లవారకముందు తినే సహరీ మాత్రం హైదరాబాదు టైముకు ముగిస్తే ఫజర్ (తెల్లవారు నమాజు) వేళ వచ్చాక తిన్నట్టే, ఆ రోజు ఉపవాసం పోయినట్టే. యాప్‌లో ఊరు మార్చడంతోపాటు సాయంత్రపు నమాజైన అసర్‌కు హనఫీ పద్ధతి ఎంచుకున్నారో లేదో చూసుకోవాలి. చాలా యాప్‌లు వస్తువు నీడ దాని పొడవుకు ఒక రెట్టయినప్పుడే అసర్ చూపిస్తాయి, హనఫీ లెక్కకు రెండు రెట్లు కావాలి.

ఖిబ్లా, అంటే నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కు, విషయంలో ‘పడమటి వైపు’ అని సరిపెట్టుకుంటారు. శ్రీకాకుళంనుంచి మక్కా సరిగ్గా పడమర కాదు, ఉత్తరానికి సుమారు 12 డిగ్రీలు వాలుతుంది. 45 డిగ్రీల లోపు తేడా నమాజును చెడగొట్టదు కాబట్టి పాత ఇళ్లవాళ్లు కంగారు పడనక్కర్లేదు. కొత్తగా గదో మసీదో కట్టేవాళ్లు మాత్రం మే 28న మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు ఎండలో కర్ర నిలబెడితే చాలు. ఆ క్షణాన సూర్యుడు కాబా నెత్తిన ఉంటాడు. కర్ర నీడకు సరిగ్గా ఎదురుదిక్కే ఖిబ్లా.

ప్రయాణంలో నమాజులోని నాలుగు రకాతులను (విడతలను) రెండు చేసుకోవడానికి హనఫీలు చెప్పే దూరం 48 మైళ్లు, దాదాపు 77 కిలోమీటర్లు. విజయనగరంనుంచి విశాఖ వెళ్లినవాడికి ఆ సౌకర్యం లేదు, అది 60 కిలోమీటర్లకు అటూఇటూ. శ్రీకాకుళంనుంచి విశాఖ వంద దాటుతుంది కాబట్టి ఉంది. ఊరి పొలిమేర దాటాకే అది మొదలవుతుంది, ఇంట్లోనే తగ్గించి చదివి బస్సెక్కడం కుదరదు. వెళ్లిన చోట పదిహేను రోజులో అంతకంటే ఎక్కువో ఉండాలని నిశ్చయించుకుంటే ప్రయాణికుడు కాడు. ఫజర్, పొద్దుకూకాక చదివే మగ్రిబ్ ఎప్పుడూ తగ్గవు. స్థానిక ఇమాం వెనక నిలబడితే పూర్తిగా నాలుగూ చదవాలి. ఖురాన్‌లో వారసుల వాటాలూ ఈ ప్రయాణపు మినహాయింపూ ఒకే అధ్యాయంలో, నాలుగోదైన అన్నిసాలో ఉన్నాయి.

నమాజు, ఆస్తి నేరుగా కలిసే చోట్లు రెండున్నాయి. ఒకటి, మంచాన పడి నమాజులు తప్పినవాడు పోయాక కుటుంబం అడిగేది: ‘ఆయన తరఫున మేం చదవొచ్చా?’ హనఫీ తీర్పు ప్రకారం కుదరదు. ఒకరి నమాజు ఇంకొకరు తీర్చలేరు. ఫిద్యా, అంటే పరిహారం, ఇవ్వమని ఆయన వసీయత్ చేసి ఉంటే ఒక్కో నమాజుకు ఒక ఫిత్రా (రంజాను దానం) మొత్తం చొప్పున, రాత్రి చదివే విత్ర్‌తో కలిపి రోజుకు ఆరు లెక్కన, మూడో వంతు ఆస్తి లోపల ఇస్తారు. వసీయత్ లేకపోతే వారసుల మీద బాధ్యత లేదు. ఇవ్వాలనుకున్న పెద్దవాళ్లు తమ వాటాలోంచి ఇవ్వొచ్చు.

రెండోది ఇంకాస్త ఇబ్బంది పెట్టే ప్రశ్న. అక్కచెల్లెళ్లకు వాటా ఇవ్వని ఇంట్లో నమాజు అవుతుందా? కట్నం ఇచ్చేశాం, పెళ్లికి ఖర్చు పెట్టాం అనేది అన్నదమ్ముల వాదన. తండ్రి బతికుండగా పెట్టింది ఆయన ఇష్టంతో ఇచ్చిన కానుక. మరణంతో పుట్టే వాటాకు దానితో లంకె లేదు. ‘చెల్లి తనే వద్దంది’ అన్నది రెండో వాదన. వారసత్వం అడిగితే వచ్చేదీ కాదు, వద్దంటే పోయేదీ కాదు. పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో అన్న ‘వద్దు’ను ముఫ్తీలు లెక్కలోకి తీసుకోరు. ఆమెకు నిజంగా వదులుకోవాలని ఉంటే ముందు వాటా విడదీసి ఆమె చేతిలో పెట్టాలి, తర్వాత ఆమె ఇష్టపడి ఇస్తే అది హిబా. లేదా ఏదో ఒక మొత్తమో వస్తువో తీసుకుని మిగతా దాన్నుంచి తప్పుకుంటున్నానని ఒప్పందం చేసుకోవచ్చు. దీన్ని తఖారుజ్ అంటారు. సబ్‌రిజిస్ట్రారు దగ్గర హక్కు విడుదల దస్తావేజు మీద ఆమె పెట్టే సంతకం ప్రభుత్వ రికార్డుకు చాలు. దాని వెనక ఈ రెంటిలో ఏదీ లేకపోతే షరియత్ దృష్టిలో ఆ వాటా ఇంకా ఆమెదే. ఇందులో ముఫ్తీ ఫత్వా, అంటే మత తీర్పు, ఇచ్చినా అది ఎవరినీ బలవంతపెట్టజాలదు. ఫత్వాలకు చట్టబద్ధమైన బలం లేదని సుప్రీంకోర్టు 2014లో స్పష్టంగా చెప్పింది. అన్న ఇవ్వనంటే చెల్లెలు వెళ్లాల్సింది సివిల్ కోర్టుకే, పంపకం దావా వేయడానికే.

నమాజు ప్రశ్నకు జవాబు మాత్రం ఉంది. ఇతరుల సొత్తును ఆక్రమించుకున్న చోట నమాజు అసలు చెల్లదని మరో న్యాయ శాఖ అయిన హంబలీలలో ప్రసిద్ధమైన అభిప్రాయం. హనఫీలు నమాజు నెరవేరుతుంది, పాపం ఉంటుంది అంటారు. అంటే ఆ అన్న చదివిన నమాజు తిరిగి చదవనక్కర్లేదు. చెల్లెలి వాటా మాత్రం ఆయన మెడమీద అలాగే ఉంటుంది. రేపు ఆయనే పోతే, ఆయన పిల్లలు ఆస్తి పంచుకునే ముందు ఆ వాటా విడిగా తీసి ఆమెకివ్వాలి. ఆమె బతికి లేకపోతే ఆమె వారసులకు.